ప్రతిమాగృహంలో బాటసారి

మహానగరానికి వెళ్ళిన బాటసారి అక్కడ చూడవలసిన వాటిలో వస్తుప్రదర్శనశాలను తప్పక చేర్చుకుంటాడు. చేర్చుకున్న తరువాత దానికి అతడు కేటాయించేది ఒక పూట మాత్రమే. రైలు వేళను బట్టి ఒక్కొక్కసారి అందులోనూ సగం కోతపడుతుంది. ఆ కొద్ది గంటలలో శిలలు, లోహప్రతిమలు, నాణేలు, ఆయుధాలు, వస్త్రాలు, ఎండిన పక్షులు, ఏనాటివో ఎముకలు అతని కళ్ళ ముందు నుంచి వరుసగా సాగిపోతాయి. ముందున్నవారు కదిలితే తానూ కదలాలి. వెనుకనున్నవారు తోస్తే నిలిచిన చోటును వదలుకోవాలి. బయటికి వచ్చేసరికి కాళ్ళు పీకుతూ ఉంటాయి, తల దిమ్ముగా ఉంటుంది. ఏమి చూచినావని ఇంటివద్ద ఎవరైనా అడిగితే రెండు మూడు వస్తువుల పేర్లకు మించి నోట రావు.

ఈ సంగతిని విజ్ఞులు చాలాకాలంగా గమనిస్తూనే ఉన్నారు, విచారిస్తూనే ఉన్నారు. కళాభిజ్ఞులకు జనసమ్మర్దం గిట్టదు. ఒక ప్రతిమను ఏకాంతంలో, నిశ్శబ్దంలో చూడాలిగాని సంతలో చూచినట్టు చూడరాదని వారి ఫిర్యాదు. విద్యావేత్తల ఫిర్యాదు వేరు. ఇంత ఖర్చుతో ఇంత విజ్ఞానాన్ని సమకూర్చి పెడితే జనం వింతల కోసం వచ్చి వింతలు చూచి పోతున్నారని వారి బాధ. రెండు అభియోగాలలోనూ ముద్దాయి మాత్రం ఒక్కడే: ఆ గుంపులోని మనిషి. అతనిని దోషిగా నిర్ణయించటానికి ముందు సాక్ష్యాన్ని మరొకసారి పరిశీలించటం న్యాయం. ఆ సాక్ష్యం కొంత మన నగరాలలోని శాలలలో ఉన్నది. కొంత మన సాహిత్యంలో ఉన్నది.

ముందుగా జనం ఈ శాలలకు పెట్టుకున్న పేర్లను గమనించాలి. కలకత్తాలోని ఇండియన్ మ్యూజియాన్ని వంగదేశీయులు జాదూఘర్ అంటారు. ఇంద్రజాలపు ఇల్లు అని దాని అర్థం. లాహోరు మ్యూజియానికి ఆ నగరవాసులు పెట్టుకున్న పేరు అజాయబ్ ఘర్, అనగా వింతల ఇల్లు. చెన్నపట్నం చూచివచ్చిన మన తెలుగువారు అక్కడి వేడుకలలో బతికిన కాలేజి, చచ్చిన కాలేజి అని రెండింటిని చెప్పేవారు. మొదటిది జంతువులను ఉంచిన తోట. రెండవది ఎగ్మూరులోని మ్యూజియం. 1851లో ఆ మ్యూజియం సెయింట్ జార్జి కోట కళాశాల భవనంలో ప్రారంభం కావటం వల్ల దానికి కాలేజి అన్న మాట అంటుకున్నదని చెబుతారు. 1854లో అది ఎగ్మూరుకు తరలిపోయినా జనం నోట పేరు మాత్రం తరలిపోలేదు.

ఈ పేర్లను విని పండితులు నవ్వుకుంటారు. కాని సంగ్రహాలయం, ప్రదర్శనశాల వంటి పేర్లు అధికారి ఏమి చేస్తున్నాడో మాత్రమే చెబుతాయి. అతడు సంగ్రహిస్తాడు, ప్రదర్శిస్తాడు. జనం పెట్టిన పేర్లు లోపలికి వెళ్ళినవానికి ఏమి జరుగుతుందో చెబుతాయి. ఒక పేరులో ఆశ్చర్యం ఉన్నది. ఇంకొక పేరులో, ఇక్కడ ఉన్నవన్నీ ఒకనాడు బతికినవే, ఇప్పుడు చచ్చినవి అన్న ఎరుక ఉన్నది. ఆశ్చర్యం, మృత్యువును గురించిన ఎరుక: ఈ రెండింటిని వెంటబెట్టుకుని వచ్చే ప్రేక్షకుడు ఏమీ లేకుండా వచ్చినవాడు కాడు.

కలకత్తా శాలనే ఉదాహరణగా తీసుకుందాం. మన దేశంలో అన్నిటికన్న పాతది అదే. సర్ విలియం జోన్సు 1784లో స్థాపించిన ఏషియాటిక్ సొసైటీ సేకరణలే దానికి మూలం. నథానియల్ వాలిక్ అనే డేనిష్ వృక్షశాస్త్రజ్ఞుడు తన వద్దనున్న నమూనాలను ఇస్తానని ముందుకు రాగా 1814లో సొసైటీ ఒక మ్యూజియాన్ని ఏర్పరచింది. వస్తువులు పెరిగి చోటు చాలక, గ్రాన్విల్ అనే వాస్తుశిల్పి రూపకల్పన చేసిన చౌరంగీ భవనంలోకి వాటిని మార్చి 1878లో ప్రజలకు తెరిచారు. నడుమ పచ్చికబయలు, చుట్టూ స్తంభాల వసారాలు, వాటి వెంట గదులు, గదుల వెంట గదులు. కళ, పురావస్తు, మానవ, భూగర్భ, జంతు, వృక్ష శాస్త్రాలకు చెందిన 6 శాఖలు ఒకే కప్పు కింద ఉన్నవి. ఈ చరిత్రలో గమనించవలసినది ఒకటి ఉన్నది. పండితులు తమ పరిశోధనకై కూర్చుకున్న భాండాగారానికి తరువాత జనం కొరకు తలుపులు తెరవటం జరిగింది. తలుపులు తెరిచారుగాని లోపలి అమరికలో పండితుని గదివాసన చాలాకాలం పోలేదు.

శీతకాలంలో ఆ తలుపుల ముందు నిలిచే వరుసను చూస్తే వచ్చేవారెవరో తెలుస్తుంది. కాళీఘాట్ దర్శనం చేసుకున్నవారు, మకర సంక్రాంతికి గంగాసాగర స్నానానికి వెళ్ళివచ్చినవారు, బంధువుల ఇంటికి వచ్చి పిల్లలకు పట్నం చూపిస్తున్నవారు, బడిపిల్లలు, వారి ఉపాధ్యాయులు. చంకలో బిడ్డ, చేతిలో మూట, ముందు నడిచే ముసలమ్మ. వీరు లోపలికి వచ్చి ఈజిప్టు మమ్మీ ఎక్కడ అని అడుగుతారు. మహాకాయ జంతువుల అస్థిపంజరాల కింద నోరు తెరిచి నిలుస్తారు. పాల రాజుల కాలపు నల్లరాతి విష్ణువు కనబడితే చెప్పులు ఒక పక్కకు జరిపి చేతులు జోడిస్తారు. పడుచువారు విగ్రహానికి వీపు తిప్పి చేతిఫోనుతో తమ బొమ్మ తామే తీసుకుంటారు. ఒక్కొక్క వస్తువు ముందు వారు నిలిచేది శ్వాస తీసుకునేంత కాలం.

ఇదే అభియోగపత్రంలోని ప్రధానాంశం. ఇందులో ఏది నిజంగా దోషమో నిర్ణయించటానికి ఒక ప్రమాణం కావాలి. ఆ ప్రమాణం కోసం విదేశీయుల కళాశాస్త్రాలను ఆశ్రయించవలసిన పని లేదు. మన నాటకకర్తలు ఇద్దరు, ప్రతిమలు ఉన్న ఇంటిలోకి, చిత్రాలు ఉన్న మేడలోకి మనుషులను తీసుకువెళ్ళి, వారికి ఏమి జరిగిందో అంకాలకు అంకాలుగా చూపినారు.

భాసునిదిగా ప్రసిద్ధమైన ప్రతిమానాటకం మూడవ అంకం అందులో మొదటిది. టి. గణపతిశాస్త్రిగారు తిరువనంతపురంలో 1912 మొదలు ప్రకటించిన నాటకాల ద్వారా ఆధునికలోకానికి అందిన కృతి ఇది. భరతుడు చాలాకాలానికి మేనమామల ఇంటి నుంచి అయోధ్యకు తిరిగివస్తున్నాడు. తండ్రి మరణించిన సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. నగరం వెలుపలనే, కృత్తిక దాటి రోహిణి వచ్చిన తరువాత ప్రవేశించవలసినదని పెద్దల నుంచి వర్తమానం వస్తుంది. ఆ కొద్దిసేపు గడపటానికి చెట్ల నడుమ కనిపించిన ఒక కట్టడంలోకి అతడు అడుగుపెడతాడు. అనగా భరతుడు అచ్చమైన బాటసారి. దారిలో కాస్త సమయం చిక్కింది, ఎదురుగా ఒక కట్టడం ఉన్నది, లోపలికి వెళ్ళినాడు. మన యాత్రికుడు రైలుకు ముందు రెండు గంటలు మిగిలితే మ్యూజియానికి వెళ్ళటం కన్న ఇది వేరు కాదు.

లోపల 4 ప్రతిమలు. భరతుడు మొదట రాతిపనికి ముగ్ధుడవుతాడు. ఆ ముఖాలలో శిల్పి నిలిపిన భావానికి ఆశ్చర్యపడతాడు. తరువాత, ఇది దేవాలయం కావచ్చును, ఎవరైతేనేమి దేవతలే గదా అని తల వంచబోతాడు. అప్పుడు ఆ ఇంటిని కాచే దేవకులికుడు వచ్చి వారిస్తాడు. వీరు దేవతలు కారు, ఇక్ష్వాకు రాజులు అని చెప్పి, దిలీపుడు, రఘువు, అజుడు అంటూ ఒక్కొక్కరిని చూపిస్తాడు. భరతుని మనసు కలతపడుతుంది; మరొకసారి చెప్పమంటాడు. నాలుగవ ప్రతిమ దగ్గర మాట తడబడుతుంది. బతికి ఉన్నవారికి కూడా ఇక్కడ ప్రతిమలు నిలుపుతారా అని అడుగుతాడు. లేదు, పోయినవారికే అని సమాధానం. ఇక వెళ్ళిపోబోతున్న అతనిని దేవకులికుడే ఆపి, స్త్రీశుల్కం కోసం ప్రాణాలను, రాజ్యాన్ని విడిచిన ఈ దశరథుని గురించి అడగవేమి అంటాడు. భరతుడు మూర్ఛపోతాడు.

ఈ అంకాన్ని పితృశోకానికి ఉదాహరణగా విమర్శకులు ప్రశంసించినారు. ప్రదర్శనశాలను దర్శించటమనే వ్యాపారానికి లక్షణగ్రంథంగా కూడా దీనిని చదువుకోవచ్చును. ఇందులో క్రమం ఉన్నది. మొదట కాలక్షేపం, తరువాత పనితనాన్ని చూచిన ఆశ్చర్యం, తరువాత పొరపాటున చేయబోయిన నమస్కారం, తరువాత ఎవరిది అన్న ప్రశ్న, చివరకు వీడు నా తండ్రి అన్న ఎరుక. నాటకకర్త ఈ మెట్లలో ఏ ఒక్కదానినీ వెక్కిరించలేదు. కాలక్షేపానికి వచ్చినవాడు అనర్హుడనలేదు. దేవతలనుకుని తలవంచబోయినవాని అజ్ఞానాన్ని చూచి నవ్వలేదు. భరతుని ఆ పొరపాటే దేవకులికుని లోపలికి రప్పించింది. అతడు తలవంచకుండా వెళ్ళిపోయి ఉంటే ఆ సంభాషణే లేదు. జాదూఘర్‌లో నల్లరాతి విష్ణువు ముందు చేతులు జోడించిన ముసలమ్మ భరతుని మెట్టు మీదనే నిలిచి ఉన్నది.

ఆమెకు కొరత పడినది దేవకులికుడు. మన శాలలలోనూ కాపలాదారు ఉన్నాడు. అతడు కూడా వారిస్తాడు. ముట్టుకోవద్దు, నిలబడవద్దు, ముందుకు నడవండి అంటాడు. భాసుని కాపలాదారు వారించిన మరుక్షణమే కథ చెప్పటం మొదలుపెట్టినాడు. మన కాపలాదారు వారించటంతో ఊరుకుంటాడు. ఇందులో అతని తప్పు లేదు. మాట్లాడటం అతని ఉద్యోగమని అతనికి ఎవరూ చెప్పలేదు. మాట్లాడటానికి కావలసినది అతనికి ఎవరూ నేర్పలేదు.

ఇటువంటి సమావేశమే మరొకటి, ఆంగ్ల నవలలో, లాహోరు అజాయబ్ ఘర్‌లో జరుగుతుంది. రడ్యార్డ్ కిప్లింగ్ 1901లో ప్రకటించిన కిమ్ నవల ప్రారంభంలో టిబెట్ నుంచి వచ్చిన ఒక వృద్ధ లామా ఆ శాలలో అడుగుపెట్టి, గాంధార శిల్పాలలో తన బుద్ధుని చూచి చలించిపోతాడు. మ్యూజియం క్యురేటరు అతనిని తన గదికి తీసుకుపోయి, గ్రంథాలు, పటాలు చూపి, చివరకు తన కళ్ళజోడును కానుకగా ఇస్తాడు. కిప్లింగ్ తండ్రి జాన్ లాక్‌వుడ్ కిప్లింగ్ ఆ శాలకు నిజంగానే క్యురేటరుగా ఉండినవాడు. కనుక ఈ దృశ్యంలో పుత్రునికి సహజమైన గౌరవం ఉన్నది. యాత్రికుని భక్తి, పండితుని విద్య ఒకే బల్ల దగ్గర కూర్చోగలవని చూపటం దీని గొప్పతనం. అయితే దీని పరిమితి కూడా ఇక్కడనే ఉన్నది. ఈ దేశపు బుద్ధుని చూడటానికి పరదేశపు పాలకుని కళ్ళజోడు కావలసివచ్చిందన్న భావం ఆ కానుకలో దాగి ఉన్నది. అంతకన్న ముఖ్యం, ఆ గదిలో ఒక్క అతిథికే చోటు. వెలుపలి శాలలో తిరిగే జనానికి ఆ సంభాషణలో వాటా లేదు. భాసుడు తలుపు దగ్గర నిలిపిన మనిషిని కిప్లింగ్ గదిలోపల కూర్చోబెట్టినాడు.

ఇక రెండవ నాటకం భవభూతి ఉత్తరరామచరితం. మొదటి అంకంలో, జనకుడు వెళ్ళిపోయినందుకు దిగులుపడి ఉన్న సీతకు ఊరటగా, రాముని చరిత్రను చిత్రించిన పటాలను లక్ష్మణుడు చూపిస్తాడు. భరతుడు తెలియనివాటిని చూచినాడు; సీతారాములు తమ బతుకునే చూస్తున్నారు. అయినా చూపేవాడు లేకుండా చూపు సాగదని భవభూతి కూడా ఎరుగును. లక్ష్మణుడు మంచి మార్గదర్శి. పెళ్ళిపటంలో అందరినీ చూపి ఊర్మిళను మాత్రం విడిచిపెడతాడు. ఈమె ఎవరు అని సీత పరిహాసంగా అడిగితే సిగ్గుపడి మాట మార్చి పరశురాముని వైపు చూపిస్తాడు. పరశురాముని గురించి పొగడ్త వినవలసివస్తుందని రాముడు, చూడవలసినవి ఇంకా చాలా ఉన్నవి, పద అంటాడు. ఏది చూపాలి, ఏది దాటిపోవాలి, ఎక్కడ ఆగాలి అన్న వివేకం అంతా ఈ చిన్న సంభాషణలో ఉన్నది.

శూర్పణఖ పటం దగ్గర సీత ఉలిక్కిపడుతుంది; ఇది పటమే గదా అని రాముడు ఓదార్చవలసివస్తుంది. జనస్థానం పటం దగ్గర ఓదార్చినవాడే కన్నీరు పెడతాడు. చివరకు ఇక చాలు, ఆపమంటాడు. సీత అలసిపోతుంది, ఆ అడవులను, భాగీరథిని మరొకసారి చూడాలని కోరి, భర్త భుజం మీద తల ఆనించి నిద్రపోతుంది. ఆ కోరికే తరువాత ఆమెను అడవికి పంపటానికి సాకు అవుతుంది. చూచిన చిత్రం చూచినవారి బతుకులోకి నడిచివచ్చి దాని దారిని మార్చివేసింది.

మనకు ఇక్కడ కావలసినది సీత అలసట. 1916లో అమెరికాలోని బోస్టన్ కళాప్రదర్శనశాల కార్యదర్శి బెంజమిన్ ఐవ్స్ గిల్మన్, ప్రదర్శనశాలలు కలిగించే బడలికను గురించి ఒక వ్యాసం ప్రకటించినాడు. అద్దాల పెట్టెల ముందు ఒక మనిషి ఎన్ని విధాల వంగవలసివస్తున్నదో, మెడ తిప్పవలసివస్తున్నదో, చతికిలబడవలసివస్తున్నదో ఛాయాచిత్రాలతో చూపినాడు. ఆ బడలిక శరీరానిది. పెట్టెలను తగిన ఎత్తులో అమర్చి, బల్లలు వేస్తే చాలావరకు తగ్గుతుంది. భవభూతి చూపినది వేరొక అలసట. ప్రతి పటం సీత నుంచి ఒక భావాన్ని కోరింది: లజ్జను, భయాన్ని, దుఃఖాన్ని, అభిలాషను. ఇచ్చి ఇచ్చి ఆమె అలసిపోయింది. తన బతుకునే చూస్తున్న సీత కొన్ని పటాలకే అలసిపోతే, వేయి వస్తువుల ముందు నడిచిన మన బాటసారి అలసిపోకుండా ఎట్లా ఉంటాడు? అతడు వేగంగా నడవటానికి కారణం ఉదాసీనత అనుకుంటాము. కాని లెక్కకు మిక్కిలిగా ఎదురైన వస్తువుల నుంచి తన మనసును కాపాడుకోవటానికి అతడు చేసే ప్రయత్నమే ఆ వేగం.

ఇంతవరకు విచారించిన మీదట మూడు సంగతులు తేలుతున్నవి. కాలక్షేపానికి రావటం దోషం కాదు. ఆశ్చర్యపడటం, చేతులు జోడించటం దోషం కాదు. అవి చూపుకు మొదటి మెట్లు. చూపేవాడు లేకపోవటం, అన్నీ చూడాలనుకోవటం, ఈ రెండే దోషాలు. మొదటిది శాలది. రెండవది బాటసారిది.

ఈ ప్రమాణంతో మళ్ళీ జాదూఘర్‌కు వస్తే, అక్కడి భార్హుత్ శిలలు ఈ వాదంలో స్వయంగా సాక్ష్యం చెబుతాయి. 1873లో అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్, నేటి మధ్యప్రదేశ్‌లోని సత్నా ప్రాంతంలో, ఊరివారు ఇళ్ళకు రాళ్ళు, ఇటుకలు తరలించుకోగా మిగిలిన స్తూపావశేషాన్ని కనుగొన్నాడు. క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్దినాటి ఎర్రరాతి ప్రాకారస్తంభాలు, అడ్డకమ్మీలు, తూర్పు తోరణం కలకత్తాకు చేరినవి. ఇవి జనం కోసం చెక్కిన రాళ్ళు. స్తూపం చుట్టూ ప్రదక్షిణం చేసేవారు, గుంపులుగా, పిల్లలతో, మూటలతో, నడుస్తూ చూడటానికి ఏర్పడినవి. ఏకాంతంలో ఒక్కడు కుర్చీ వేసుకుని చూడటానికి ఏర్పడినవి కావు. వీటి దానశాసనాలలో పాటలీపుత్రం, విదిశ, నాసిక వంటి దూరపు ఊళ్ళవారి పేర్లు ఉన్నవి. భిక్షువులు, భిక్షుణులు, గృహస్థులు ఉన్నారు. బుద్ధరక్షితుడనే రూపకారుడు తానే దాతగా కనిపిస్తాడు. ఆనాటి బాటసారులే ఈ శిలలకు యజమానులు.

ఇంకొక విశేషం. భార్హుత్ శిల్పులు చాలా దృశ్యాలకు పక్కనే బ్రాహ్మీలిపిలో పేర్లు చెక్కినారు. ఇది ఫలానా జాతకం, ఈమె ఫలానా యక్షిణి, ఇది భగవానుని అవతరణం అని. అనాథపిండికుడు జేతవనాన్ని కొన్న దృశ్యాన్ని చూడండి. బండి నుంచి విప్పిన ఎద్దులు విశ్రమిస్తున్నవి. పనివారు చదరపు నాణేలను నేల మీద పరుస్తున్నారు. దాత చేతిలో ధారపోసే పాత్ర ఉన్నది. కోట్ల ధనం పరచి కొన్న తోటను దానం చేస్తున్నాడని పక్కనే అక్షరాలు చెబుతున్నవి. బొమ్మ దగ్గరనే మాట ఉండాలని, ఆ మాట జనం వాడుకభాషలో ఉండాలని రెండు వేల ఏండ్లకు ముందే శిల్పికి తెలుసు. నేడు ఆ స్తంభం కింద ఉండే పలక మీద సాధారణంగా వస్తువు పేరు, దొరికిన చోటు, శతాబ్ది, రాతి జాతి ఉంటాయి. అవన్నీ అవసరమే. కాని ఎద్దులను ఎందుకు విప్పినారో, నేల మీద ఆ పలకలేమిటో పలక చెప్పకపోతే, చెప్పే నోరు పక్కన లేకపోతే, శిల్పి చెక్కిన వివరణ చదవలేని లిపిలో, అధికారి వేసిన వివరణ పట్టని భాషలో ఉండిపోతాయి. ఆ రెండింటి నడుమ బాటసారి మూగవాని వలె నడిచిపోతాడు.

మన దేశంలో బొమ్మ ఎన్నడూ ఒంటరిగా జనం ముందుకు రాలేదు. బాణుడు హర్షచరిత్రంలో, బజారులో పిల్లలు మూగి చూస్తూ ఉండగా యమపటాన్ని విప్పి, పుల్లతో చూపుతూ పరలోకవృత్తాంతం చెప్పే మనిషిని వర్ణించినాడు. వంగదేశపు పటువాలు పటం విప్పుతూ పాట పాడతారు. తెలంగాణలోని చేర్యాల నకాశీ పటాలు కులకథలు చెప్పేవారి కోసం పుట్టినవే. కథ, వేలు, బొమ్మ కలిసి ఉండేవి. ప్రదర్శనశాల బొమ్మను భద్రంగా తీసుకువచ్చింది; కథను, వేలును ఊరిలో విడిచివచ్చింది.

గుంపు నిలకడగా చూడలేదనే మాటకు హైదరాబాదులో బదులు దొరుకుతుంది. 1951లో దివాన్ దేవిడీలో ప్రారంభమై, 1968లో మూసీ ఒడ్డున నేటి భవనానికి మారిన సాలార్‌జంగ్ మ్యూజియంలో, గంట గంటకూ ఒక చిన్న బొమ్మ మనిషి లోపల నుంచి వచ్చి గంట కొట్టే గడియారం ఉన్నది. అక్కడి అమూల్య వస్తువులను విడిచి జనం దాని ముందు చేరుతారని నవ్వేవారు ఉన్నారు. కాని ఆ జనం ఏమి చేస్తున్నారో చూడండి. ముందుగా వచ్చి కూర్చుంటారు. ఎదురుచూస్తారు. పిల్లలను ముందుకు కూర్చోబెడతారు. వేళ కాగానే అందరి కళ్ళు ఒక్కచోట నిలుస్తాయి. గుడిలో హారతి వేళకు తెర తీసే ముందు ఉండే నిశ్శబ్దం అక్కడ కనిపిస్తుంది. అదే మ్యూజియంలో, ఇటలీ శిల్పి బెంజోనీ మలచిన మేలిముసుగు రెబెక్కా ముందు కూడా జనం ఆగుతారు. పాలరాయి పలుచని వస్త్రమై ముఖం కనబరుస్తున్నదా అని వంగి చూస్తారు. భరతుడు రాతిపనికి ముగ్ధుడైన మెట్టు ఇదే. కనుక గుంపుకు నిలవటం తెలియదనటం పొరపాటు. ఎక్కడ నిలవాలో, ఏ వేళకు నిలవాలో చెప్పినచోట అది నిలుస్తున్నది. గడియారానికి ఉన్న నియమిత వేళ ఒక ప్రతిమకు ఎందుకు ఉండకూడదు? రోజుకు నాలుగుసార్లు, ఫలానా గదిలో, ఫలానా శిల ముందు, ఒక మనిషి పావుగంట కథ చెబుతాడని ద్వారం దగ్గర రాసిపెట్టటానికి పెద్ద ధనం అక్కరలేదు.

తెలుగు పాఠకునికి భరతుని అంకం మరింత దగ్గరిది. కృష్ణాతీరపు అమరావతి స్తూపాన్ని 1797లో కాలిన్ మెకంజీ చూచేనాటికే దాని రాళ్ళు, ఇటుకలు ఊరి నిర్మాణాలకు పోతూ ఉండినవి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిలలు చెన్నపట్నానికి వెళ్ళినవి. వాటిలో చాలా భాగం 1859లో లండన్‌కు ఓడ ఎక్కినవి. మెకంజీ పంపిన కొన్ని కలకత్తాకు చేరినవి. స్తూపం నిలిచిన చోట నేడు మిగిలినది గుండ్రని దిబ్బ, కొన్ని రాళ్ళు, దగ్గరలో ఒక చిన్న ప్రదర్శనశాల. గుంటూరు, పల్నాటి సీమల నుంచి బయలుదేరి మహానగరంలో ఒక పూట తీరిక దొరికి మ్యూజియంలోకి అడుగుపెట్టిన తెలుగువాడు, తమ పల్నాటి సున్నపురాయిని, దాని మీద చెక్కిన స్తూపాన్ని, స్తూపం చుట్టూ చేతులు జోడించిన జనాన్ని చూస్తాడు. ఆ జనం అతని పూర్వులు. పలక మీద అమరావతి అన్న పేరు చదవగలిగితే ఒక్కక్షణం ఆగుతాడు. చదవలేకపోతే, ఆపి చెప్పేవాడు లేకపోతే, నాలుగవ ప్రతిమను గురించి అడగకుండానే వెళ్ళిపోతాడు.

ఇటువంటి ఎడబాటు ఒక్క తెలుగువారిదే కాదు. 1947 విభజనలో మొహెంజొదారో వస్తువులను అన్నదమ్ములు ఇంటి సామాను పంచుకున్నట్టు పంచుకున్నారు. 1926లో దొరికిన నర్తకి కంచుబొమ్మ ఢిల్లీ జాతీయ మ్యూజియంలో ఉన్నది. గడ్డపు పురోహితుని ప్రతిమ కరాచీలో ఉన్నది. బడిపుస్తకంలో నర్తకిని నిలువెత్తు బొమ్మగా ఊహించుకున్నవారు, అరచేతిలో ఇమిడే 10.5 సెంటీమీటర్ల ఆకారాన్ని చూచి, ఇంతేనా అనుకుని కదులుతారు. ఇంత చిన్న ఒంటిలో అంత ధీమా ఎట్లా నిలిచిందో చూడండి అని ఎవరైనా అక్కడ ఒక్క మాట అంటే, ఆ ఇంతేనా అన్న మాటే ఆశ్చర్యంగా మారుతుంది.

ఇక మిగిలినది బాటసారి చేయవలసిన పని. అతడు శాల మొత్తాన్ని చూడనక్కరలేదు. ఊరికి వెళ్ళినవాడు ఊరివారందరినీ పలకరించడు. ఇద్దరి ఇంట కూర్చుని వస్తాడు. ద్వారం దగ్గరనే రెండు మూడు వస్తువులను ఎంచుకుని, మిగిలినవాటిని దారిలో కనిపించిన మనుషుల వలె దాటిపోవచ్చును. అది వాటికి అవమానం కాదు. ఎంచుకున్న దాని ముందు పావుగంట నిలిచి, ఎవరు చేసినారు, ఎవరికోసం చేసినారు, ఇక్కడికి ఎట్లా వచ్చింది అని అడగాలి. పక్కన తెలిసినవాడు ఉంటే అతనిని అడగాలి. తానే తెలిసినవాడైతే పక్కనున్న పిల్లవానికి చెప్పాలి. గుంపులో ఒక్కడు చెప్పటం మొదలుపెడితే చుట్టూ పదిమంది చేరటం ఏ మ్యూజియంలోనైనా చూడవచ్చును. ఆ పదిమందికి అతడే దేవకులికుడు.

జనసమ్మర్దాన్ని గురించి కళాభిజ్ఞులు చేసే ఫిర్యాదులో కొంత నిజం ఉన్నది. తాకి తాకి శిలలు నల్లబడతాయి. కోలాహలంలో చూపు చెదురుతుంది. వాటికి తగిన కట్టుబాట్లు ఉండవలసినదే. కాని గుంపు లేని శాల కోరదగినది కాదు. అయోధ్య వెలుపలి ప్రతిమాగృహానికి తాళం వేసి ఉంటే శిలలకు ఏ కొరతా వచ్చేది కాదు. భరతుడు మాత్రం తండ్రి సంగతి తెలియకుండానే నగరంలో అడుగుపెట్టి ఉండేవాడు. చౌరంగీ వీధిలో, ఎగ్మూరులో, మూసీ ఒడ్డున ప్రతిరోజూ వరుసలో నిలిచేవారిలో ఎవరు భరతుడో ద్వారం దగ్గర ఉన్నవానికి తెలియదు. భాసుని దేవకులికునికి కూడా తెలియలేదు. అయినా అతడు వచ్చిన బాటసారిని ఆపి, నాలుగవ ప్రతిమ గురించి చెప్పినాడు.